ఇరవై ఒకటో వాటా

"మనిషి నైజం అంతే మేడం." పొద్దున్న ఏడున్నరకు విన్న మాట. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది, అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాను. ఇక్కడైనా రాయకపోతే ఊపిరాడదు.

మా అపార్ట్‌మెంటులో బోరు ఎండిపోయి మూడు వారాలైంది. హైదరాబాదులో వేసవి అంటే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. రోజు విడిచి రోజు ఐదు వేల లీటర్ల ట్యాంకరు వస్తోంది. ఇరవై ఫ్లాట్లు. ట్యాంకరు ఏ వేళకు వస్తుందో తెలియదు కాబట్టి మా వాచ్‌మన్ రాత్రంతా గేటు దగ్గరే కాచుకుంటాడు. అది రాగానే సంపు మూత తీసేదీ, బరువైన గొట్టాన్ని భుజాన వేసుకుని ఈడ్చుకొచ్చేదీ, చివరి చుక్క వరకు పట్టుకుని నిలబడేదీ అతనే. ఈ రోజు అతను గొట్టం పట్టుకుని ఉండగానే అతని భార్య రెండు బిందెలు నింపుకుని మూడో బిందె తెచ్చింది. మా సంఘం కార్యదర్శి చెయ్యి అడ్డం పెట్టారు. "రెండు చాలు. ట్యాంకరుకు డబ్బు కడుతున్నది ఫ్లాట్ల వాళ్లు" అన్నారు.

ఆ ఇంట్లో నలుగురు. ఇద్దరు చిన్న పిల్లలు. ఆమె ఏమీ అనలేదు. ఖాళీ బిందె నడుముకు ఎత్తుకుని సెల్లారులోని ఒంటి గదిలోకి వెళ్లిపోయింది.

ఇది బాల్కనీలోంచి చూశాను. గంట తర్వాత మా అమ్మాయిని స్కూలు బస్సు ఎక్కించడానికి కిందికి దిగితే, అదే కార్యదర్శి పైపు పెట్టి కారు కడుగుతున్నారు. సబ్బు నురగ ర్యాంపు మీదుగా జారి ఆ గది గుమ్మం ముందు మడుగు కట్టింది. వాచ్‌మన్ కూతురు యూనిఫాం తడవకుండా పావడా ఎత్తిపట్టుకుని ఆ మడుగు దాటింది. అప్పుడే అడిగాను, ఇదేం న్యాయమండీ అని. ఆయన పైపు కట్టనైనా కట్టకుండా, "ఎవరి అవసరం వారిది. మనిషి నైజం అంతే మేడం" అన్నారు.

నైజమట! మనిషి సంగతి తర్వాత, కోతుల నైజం కూడా అది కాదు. 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే శాస్త్రవేత్తలు కాపుచిన్ కోతుల మీద ఒక ప్రయోగం చేశారు. చిన్న రాయి తిరిగి ఇస్తే దోసకాయ ముక్క పెట్టేవారు, కోతి సంతోషంగా తినేది. పక్క కోతికి అదే పనికి ద్రాక్షపండు ఇవ్వడం చూశాక, చాలాసార్లు దోసకాయ ముక్క వద్దంది, కొన్నిసార్లు విసిరేసింది కూడా. ఒకే పనికి రెండు రకాల కూలి అంటే దానికి కూడా ఒళ్లు మండింది.

మనుషుల మీద 1982లోనే జర్మనీలో వెర్నర్ గ్యూత్ బృందం ఒక ఆట ఆడించింది. ఒకరి చేతికి డబ్బిచ్చి, ఎదుటివారికి కొంత పంచమంటారు. ఎదుటివారు సరేనంటే ఇద్దరికీ దక్కుతుంది, వద్దంటే ఇద్దరికీ లేదు. మరీ తక్కువ ఇవ్వజూపితే చాలామంది వద్దనేస్తారు. వచ్చే డబ్బు పోయినా సరే, అన్యాయపు వాటా మాకొద్దంటారు. ఇదీ మనిషి నైజమే కదా! అయితే ఆ ఆటలో వద్దనే హక్కు ఉంది. ఈమెకు ఏముంది? ఆ రెండు బిందెలు కింద పారబోసిందనుకోండి, సాయంత్రానికి భర్త ఉద్యోగం పోతుంది, గది కూడా పోతుంది. ఆమె మౌనాన్ని చూసి ఆమెకు రెండు బిందెలు సరిపోయాయని ఎవరూ అనుకోవద్దు.

నాకు ఇంకా మండేది ఏమిటంటే, ఈ పెద్దమనుషులకు పంపకం తెలియక కాదు. ట్యాంకరు ఖర్చును ఇరవై ఫ్లాట్లకు రూపాయి తేడా లేకుండా పంచి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఒక ఫ్లాటువారు నెల రోజులు ఊళ్లో లేరంటే వాళ్లకు ఎంత తగ్గించాలో గంటసేపు చర్చిస్తారు. న్యాయం నిక్కచ్చిగా తెలుసు. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గరే వచ్చింది చిక్కు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. అసలు ఆకే వేయని వాళ్ల సంగతి ఏమిటి?

మా అమ్మ పుట్టిన ఊళ్లో చెరువు నీళ్లకు నీరటికాడు ఉండేవాడు. ఎంత ఆసామి అయినా తూము మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. ఏ మడికి ఎప్పుడు వంతో నీరటికాడు చూసి వదిలేవాడు, పంటయ్యాక అందరూ అతనికి గింజలు కొలిచేవారు. నీళ్లు పారించుకునేవాడి చేతికే తూము ఇవ్వకూడదన్న ఇంగితం ఆ ఊరికి ఉండేది. మా అపార్ట్‌మెంటుకు లేదు.

ఆ ఊరి పేరెత్తాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఈ "మనిషి నైజం" అన్న మాట నేను మొదటిసారి విన్నది అక్కడే, 1998లో, మా పెద్దమామయ్య నోట. తాతయ్య పోయాక ఇద్దరు మామయ్యలూ ఆస్తి పంచుకున్నారు. చెరువు కింద మడి చెక్కలను తాడు పెట్టి కొలిచారు. ఇంట్లోని ఇత్తడి సామాను మొత్తం వాకిట్లో పోసి, తక్కెడ తెప్పించి తూచారు. ఒకవైపు చిన్న చెంబు ఎక్కువైందని తీసి రెండో వైపు వేయడం నా కళ్లతో చూశాను. అన్నదమ్ముల మధ్య అంత న్యాయం! మా అమ్మ అడిగింది ఒక్కటే, అమ్మమ్మ నీళ్లు తోడి పోసుకునే గంగాళం. అది అప్పటికే తక్కెడ ఎక్కేసింది. "ఇప్పుడు తీస్తే తూకం పోతుంది చెల్లెమ్మా. ఎవరి పిల్లలు వాళ్లకు ముద్దు, మనిషి నైజం అంతే" అన్నాడు పెద్దమామయ్య.

ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. కానీ అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు వర్తించదు. అమ్మ పెళ్లి 1979లో. తాతయ్య వాటాలో ఆమెకు రావలసింది కూడా వద్దని రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టించుకుని, ఒక చీరా, వెండి కుంకుమ భరిణె చేతిలో పెట్టారు. 2005లో కేంద్రం చట్టం మార్చింది, పెళ్లయినా కాకపోయినా సమానమే అంది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరయిన పంపకాలను కదపడానికి లేదు. రెండు చట్టాలు వచ్చినా రెండింటిలోనూ మా అమ్మ గీతకు అవతలే నిలబడింది. ఆ గీత తేదీల్లో ఉందని లాయరు చెప్పారు. నాకు మాత్రం అది మా అమ్మమ్మ వాకిట్లో తక్కెడ పక్కన కనిపిస్తుంది. అమ్మ ఇప్పటికీ, "పోనీలేవే, నా అన్నదమ్ములేగా" అంటుంది. ఆ పోనీలే విన్నప్పుడల్లా నాకు ఏడుపు వస్తుంది.

అందుకే ఈ రోజు ఊరుకోలేకపోయాను. ఇంట్లో పట్టి ఉంచిన నీళ్లలోంచి ఒక బకెట్టు కిందికి తీసుకెళ్లాను. ఆమె తలుపు సగమే తెరిచి, "వద్దమ్మా, సారు చూస్తే ఆయన్ని అంటారు" అంది. బలవంతం చేయలేకపోయాను. బకెట్టు తిరిగి మూడో అంతస్తుకు మోసుకొచ్చాను. అది ఇంకా వంటింట్లో అలాగే ఉంది.

ఆదివారం పది గంటలకు సంఘం సమావేశం. ట్యాంకరు నీళ్లు ఇరవై ఒక్క వాటాలు చేయాలని, ఇరవై ఒకటో వాటా ఖర్చు ఇరవై ఫ్లాట్లూ భరించాలని రాసి ఇస్తున్నాను. కార్లు కడగడం వర్షాలు పడేదాకా ఆపాలని కూడా. మా అపార్ట్‌మెంటు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ కాగితం మీద సంతకం చేయడానికి శనివారం సాయంత్రం లోపు మా ఇంటికి రండి.