స్లాబు మీద వేడి ఆపే పొరెయ్యనిది బిల్డరు, జరిమానా మాత్రం కొన్నవాడికా?

కరెంటు పొదుపు నిబంధనల ప్రకారం ఇల్లు కట్టకపోతే పది లక్షల ఫైను, ఆపైన జైలు అని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో సగమే నిజం. ఆ సగం గురించే గట్టిగా మాట్లాడుకోవాలి.

జైలు గొడవ బ్రిటన్‌ది. 2023లో అక్కడి పార్లమెంటు ముందుకొచ్చిన ఎనర్జీ బిల్లులో, కట్టడాల ఇంధన నిబంధనలు మీరితే ఏడాది దాకా జైలు, 15,000 పౌండ్ల దాకా జరిమానా పెట్టేలా ప్రభుత్వానికి అధికారమిచ్చే క్లాజులున్నాయి. అధికార పార్టీ ఎంపీలే కొందరు లేచి వద్దన్నారు. మన దగ్గరున్నది 2001 నాటి ఇంధన పొదుపు చట్టం, దానికి 2022లో చేసిన సవరణ. ఇందులో జైలు లేదు. జరిమానా ఉంది, ఒక్కో తప్పుకు పది లక్షలకు మించకుండా. అదీ విద్యుత్ నియంత్రణ మండలి సభ్యుడొకరు విచారణ జరిపి, అవతలివాళ్ల మాట విన్నాకే వెయ్యాలి. ఒప్పుకోనివాళ్లు 45 రోజుల్లో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పోవచ్చు.

ఎవరికి వర్తిస్తుందంటే, ఇళ్ల కోసం 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు నియమావళి 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకని రాసుకుంది. అంటే దాదాపు 600 గజాలు, మన లెక్కలో పన్నెండు సెంట్ల పైమాటే. సెంటున్నరలో కాలనీ ఇల్లు కట్టుకున్నవాళ్లు, మూడు సెంట్లలో జీ ప్లస్ వన్ వేసుకున్నవాళ్లు ఇప్పుడు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. 2022 సవరణ మాత్రం నివాస కట్టడాలను కూడా చట్టంలోకి తెచ్చి, 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (కట్టడం మొత్తం కరెంటు లోడు) లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) అని గీత గీసింది. ఇంటికి 5 కిలోవాట్ల చొప్పున ఇరవై ఫ్లాట్లుంటే ఆ గీత దాటినట్టే. అనంతపురంలోనో కడపలోనో కాస్త పెద్ద అపార్ట్‌మెంటు ఏదైనా ఇందులోకి వస్తుంది. పైగా ఆ గీతను ఇంకా కిందికి దించే అధికారం రాష్ట్రానికుంది. కన్నేసి ఉంచాల్సింది దాని మీద.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. కట్టడాల నియమావళి పాటించమని చట్టం ఆదేశించేది "యజమానిని లేదా అందులో ఉండేవారిని". బిల్డరు ఫ్లాట్లన్నీ అమ్మేసి పక్క వెంచరుకు పోతాడు. ఆ తర్వాత యజమాని ఎవరు? ఇరవై ఏళ్ల బ్యాంకు లోను నెత్తిన పెట్టుకున్న టీచరు. స్లాబు మీద ఏం వేశారో, ఏం వెయ్యలేదో ఆ మనిషికి కనపడదు. టైల్సు పరిచాక ఎవరికీ కనపడదు.

ఆ స్లాబు లెక్క ఒకసారి చూడండి, మిగతాదంతా దాంట్లోనే ఉంది. నియమావళి పైకప్పుకు యూ విలువ 1.2 దాటకూడదంటుంది. చదరపు మీటరు కప్పులోంచి, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెప్పే అంకె అది. ఐదంగుళాల ఉత్త కాంక్రీటు స్లాబుకు అది దాదాపు 3.5. మే నెల మధ్యాహ్నం స్లాబు పైన 60 డిగ్రీలు, లోపల ఏసీ పెట్టి 26 అనుకుందాం. 12 బై 10 గదిలోకి కప్పు నుంచే 1,300 వాట్లు దిగుతాయి. నెత్తి మీద ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి, కింద ఏసీతో చల్లబరుస్తున్నట్టు. అదే స్లాబు మీద 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు, అంటే వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక, పరిస్తే యూ విలువ ఒకటికి వస్తుంది, దిగే వేడి 380 వాట్లకు పడిపోతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దెకు 4 బై 2 షీట్లు 125 చాలు. ఇంత చిన్న పనికి పది లక్షల జరిమానా దాకా పోవాల్సిన గతి ఎందుకు పట్టాలి?

మన తాతల మట్టి మిద్దెలు గుర్తున్నాయా? దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, ఆపైన అడుగు మందాన చౌడు. లెక్క కడితే వాటి యూ విలువ 1.5 దగ్గరికొస్తుంది. ఉత్త స్లాబులో సగం కూడా కాదు. బేతంచెర్ల బండలు, కడప బండలు చేతికందే ఊళ్లలో ఉండి కూడా ఇప్పుడు ఉత్త కాంక్రీటు కింద ఉడుకుతున్నాం.

షీటు పరచడం చేతకాకపోతే మాత్రం పరచకపోవడమే మేలు. ముందు స్లాబు మీద వాటర్ ప్రూఫింగ్, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి పరీక్ష, ఆ తర్వాత షీట్లు. సందుల్లేకుండా ఒకదానికొకటి ఆనించి టేపు వెయ్యాలి. సందుల్లోంచి వేడి దిగితే పెట్టిన డబ్బు వృథా. పైన వేసే కాంక్రీటు పొర రెండంగుళాలకు తగ్గితే, అందులో సన్న మెష్ లేకపోతే, మొదటి ఎండాకాలానికే పగులుతుంది. ఆ పగులులోంచి వాన నీళ్లు దిగి షీటు కింద నిలుస్తాయి. కారేది ఒకచోట, మరక తేలేది ఇంకోచోట. వాలు నూటికి ఒకటి తగ్గకుండా నీళ్ల గొట్టం వైపుండాలి. పిట్టగోడ మొదట్లో వాటర్ ప్రూఫింగ్‌ను అడుగు ఎత్తు దాకా పైకి లాగాలి. మేస్త్రీలు ఎక్కువగా ఎగ్గొట్టేది అక్కడే.

తెల్ల సున్నం, కూల్ పెయింటు చవక, పేదవాడికి వెంటనే పనికొచ్చేవి. కానీ యూ విలువ లెక్కలో తెలుపుకు చోటు లేదు. మన దుమ్ముకు ఏడాదిలో మాసిపోతుంది, ఏటా కడిగి మళ్లీ పుయ్యాలి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానంలో 600 గజాలు, ఆపైన స్థలాల్లోని ఇళ్లకే తప్పనిసరి చేశారు. చిన్న ఇళ్లకు ఇష్టాన్నిబట్టి. ఆ తేడా మనకూ కావాలి.

గోడల సంగతి పెద్దగా సాగదీయను. నియమావళి గోడలు, కిటికీల గుండా వచ్చే వేడికి సగటున చదరపు మీటరుకు 15 వాట్లని హద్దు పెట్టింది. అది దాటించేది ఎక్కువగా పడమటి గాజు కిటికీలే. అడుగున్నర సజ్జా సాయంత్రం నాలుగింటి ఎండను ఆపలేదు, ఎందుకంటే ఆ ఎండ పైనుంచి కాదు, ఎదురుగా వస్తుంది. బయటివైపు నిలువు పలకలో, వెదురు తడికో కావాలి. లోపలి కర్టెను పెద్దగా పనిచెయ్యదు, అప్పటికే వేడి గాజు దాటి లోపలికొచ్చేసి ఉంటుంది.

నేను కోరేది ఇది. నియమావళి పాటించారో లేదో చూసే పరీక్ష ప్లాను ఆమోదంలో ఒకసారి, షీట్లు పరిచాక పైపొర పోయకముందు ఇంకోసారి జరగాలి. సరిగా లేకపోతే కాపురానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆపండి, అప్పటికి కట్టడం ఇంకా బిల్డరు చేతిలోనే ఉంటుంది. జరిమానా ఉంటే సంతకం పెట్టిన బిల్డరు మీద, ఇంజనీరు మీద ఉండాలి. రాష్ట్రం గీత దించితే పాత ఇళ్ల జోలికి రాకూడదని రాతలో ఉండాలి.

అంతదాకా ఫ్లాటు కొనేవాళ్లు అగ్రిమెంటులో మూడు ముక్కలు రాయించుకోండి: పైకప్పు మీద ఏ షీటు, ఎన్ని మిల్లీమీటర్లు, పరిచిన రోజు తీసిన ఫొటోలు. ఫొటోలో షీటు అంచు పక్కన కొలత టేపు పెట్టి మందం కనపడేలా తీయమనండి.