గ్రీన్‌వే ఇంటి ఫార్వర్డ్‌లో నిజమెంత?

ఇంగ్లండ్‌లోని డెవన్‌లో, డార్ట్ నది ఒడ్డున ఒక తెల్లటి ఇల్లు, పక్కన పొగబండి ఫొటో. కింద రాసింది ఇదీ: "అగాథా క్రిస్టీ పుట్టిన 500 ఏళ్ల ఇల్లు. గుమ్మం ముందే రైలెక్కేది, ఆ రైళ్లను చూస్తూనే నవలలన్నీ రాసింది. యుద్ధంలో అమెరికన్లు ఇంటిని నాశనం చేశారు." ఇల్లు నిజమే, పేరు గ్రీన్‌వే. మిగతాదంతా కలగాపులగం.

డిటెక్టివ్ నవలల రచయిత్రి క్రిస్టీ పుట్టింది 1890లో, టోర్కీ పట్టణంలోని ఇంకో ఇంట్లో. గ్రీన్‌వేని భర్త మాలోవన్‌తో కలిసి 1938లో 6,000 పౌండ్లకి కొనుక్కుంది.

500 ఏళ్ల మాటకి కొంచెం ఆధారం ఉంది లెండి. ఆ స్థలంలో ట్యూడర్ రాజుల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో, గిల్బర్ట్ కుటుంబం ఇల్లు ఉండేది, నావికుడు హంఫ్రీ గిల్బర్ట్ వాళ్లబ్బాయే. కానీ ఫొటోలో ఉన్నది 18వ శతాబ్దం చివర్లో కట్టినది.

ఇక రైలు. రైలు లైను దగ్గర్లోని కింగ్స్‌వేర్ ఊరి దాకా 1864లోనే వచ్చింది, అదీ ఇంటి ముందునుంచి కాదు, ఎస్టేట్ కొండ కింద తవ్విన సొరంగంలోంచి. గ్రీన్‌వే హాల్ట్ అనే చిన్న స్టేషన్ తెరిచింది 2012లో, క్రిస్టీ పోయిందేమో 1976లో, మరి ఎక్కేదెలా? ఆవిడ కాలంలో దగ్గరి స్టేషన్ చర్స్‌టన్. ఇప్పటికీ హాల్ట్‌లో దిగితే అడవిదారిలో అరగంట నడవాలి, కాబట్టి పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఆ "గుమ్మం ముందే" అన్నమాట నమ్మకండి. పైగా ఈ లైనుని బ్రిటిష్ రైల్వే 1972లో అమ్మేశాకే టూరిస్టుల పొగబండి అయింది.

నవలలన్నీ అక్కడే రాసిందా? అది వేసవి సెలవుల ఇల్లు. రాసిన ప్రతులని సాయంత్రాలు ఇంట్లోవాళ్లకి చదివి వినిపించేది, ఎక్కువ రాసింది మాత్రం వేరేచోట్ల. అయితే ఆ ఇంటిని, కింద పడవల షెడ్డుని కథల్లో వాడుకుంది, అంతవరకూ ఒప్పుకోవచ్చు.

అమెరికన్ల సంగతి అన్నిటికన్నా అన్యాయం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం ఇంటిని స్వాధీనం చేసుకుంటే 1944లో అమెరికన్ కోస్ట్‌గార్డ్ అధికారులు అందులో ఉన్నారు. వాళ్లలో ఒకాయన లైబ్రరీ గోడల పైభాగం చుట్టూ తమ యుద్ధ ప్రయాణాన్ని బొమ్మలుగా వేశాడు. తిరిగి అప్పగించేటప్పుడు నౌకాదళం వాళ్లు ఆ బొమ్మల మీద సున్నం కొట్టిస్తామంటే క్రిస్టీ వద్దని ఉంచుకుంది, ఇప్పటికీ ఉంది. ఆవిడ పోట్లాడింది బొమ్మల గురించి కాదు, వంటింటి వైపు వరసగా కట్టి వదిలేసిన 14 మరుగుదొడ్ల గురించి!