చదివింపుల పుస్తకం

మా ఇంట్లో బీరువా పైఅరలో, పట్టుచీరల కింద, ఒక లాంగ్‌సైజు నోటుపుస్తకం ఉంటుంది. అట్టకి నాలుగు మూలలా పసుపు, మధ్యలో మా నాన్న చేతిరాతతో ‘శ్రీరస్తు’. లోపలంతా మా అక్క పెళ్లి చదివింపులు. ‘గుడివాడ పెద్దమ్మ: 116, స్టీలు బిందె 1’. ‘చీరాల బాబాయి: 51’. ‘ఆఫీసు స్టాఫు: గోడగడియారం’. పెళ్లయి ముప్ఫై ఆరేళ్లయింది. బిందె సొట్టలు పడి పెరట్లోకి చేరింది, గడియారం ఆగిపోయింది. పుస్తకం మాత్రం ఇప్పటికీ అమల్లోనే ఉంది. బంధువుల్లో ఏ శుభకార్యం వచ్చినా అమ్మ దాన్ని దించి, కళ్లజోడు తుడుచుకుని, “వాళ్లు మనకి 51 పెట్టారు, మనం 101 పెడితే మర్యాద” అని తేల్చేస్తుంది.

ఆ పెళ్లి ఫలమైన మేనల్లుడు ఇప్పుడు జర్మనీలో మాలిక్యులర్ న్యూరోసైన్స్ పరిశోధకుడు. చిట్టెలుక మెదడులో ఒక న్యూరాను ఇంకో న్యూరానుకి కబురందించే చోట, అంటే సైనాప్స్ దగ్గర, ఉండే ఒకానొక ప్రోటీన్ మీద తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాడు. పొద్దున లేచి, పళ్లు కూడా తోముకోకుండా, పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ తెరుస్తాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మ అది గమనించి, “ఏంట్రా అవి, షేర్లా?” అంది. వాడు ఓపిగ్గా చెప్పాడు: “కాదమ్మమ్మా, సైటేషన్లు. వేరేవాళ్లు పరిశోధన పేపరు రాసినప్పుడు చివర్లో మన పేపరు పేరు రాస్తారు. ఎంతమంది రాశారో లెక్క ఉంటుంది. మనమూ వాళ్లవి రాస్తాం. ఉద్యోగం, గ్రాంటు అన్నీ ఆ లెక్కని బట్టే.”

అమ్మ అంతా విని, “చదివింపులన్నమాట” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

డెబ్బై ఏళ్లుగా సైటేషన్ల మీద మేధావులు తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. దీనికోసం సైంటోమెట్రిక్స్ అని ప్రత్యేకంగా ఒక శాస్త్రాన్నే పెట్టుకున్నారు. ఒక్కరికీ తట్టని సిద్ధాంతాన్ని మా అమ్మ పొయ్యి మీద పాలు పొంగేలోపు తేల్చింది. దీన్ని లోకానికి అందించే బాధ్యత నా మీద పడింది కనుక ఈ వ్యాసం.

ముందు చరిత్ర. ఈ పుస్తకం అట్టకి పసుపు రాసినవాడు అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్. 1955లో ‘సైన్స్’ పత్రికలో సైటేషన్లకి సూచిక వేయాలన్న ఊహ చెప్పాడు, 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చేయించాడు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఆయన చలవే. అది పెళ్లి గురించి, అంటే పేపరు గురించి కాదు, కల్యాణ మండపం గురించి, అంటే దాన్ని అచ్చువేసిన పత్రిక గురించి. గత రెండేళ్లలో ఈ మండపంలో జరిగిన పెళ్లిళ్లకి ఈ ఏడాది సగటున ఎన్ని చదివింపులు వచ్చాయన్నదే ఆ లెక్క. ఏసీ మండపంలో చేశారు కనుక అల్లుడు బుద్ధిమంతుడే అయ్యుంటాడని సెలక్షన్ కమిటీలు నిర్ధారిస్తాయి. మన వైపు సంబంధాలు చూసే పద్ధతీ ఇదే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

తర్వాత 2005లో శాన్ డియాగో నుంచి హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు హెచ్ ఇండెక్స్ తెచ్చాడు. మా వాడిది 14. అంటే 14 పెళ్లిళ్లు, ఒక్కోదానికి కనీసం 14 చదివింపులు. ఒకే ఒక్క పెళ్లి చేసి, దానికి మూడు లక్షల మంది వచ్చి చదివించారనుకోండి, మీ హెచ్ ఇండెక్స్ ఎంత? ఒకటి. శాస్త్రానికి కావలసింది ఒక గొప్ప పెళ్లి కాదు, ఆగకుండా పెళ్లిళ్లు. మండపాల వాళ్లూ ఈ మాటే అంటారు.

మూడు లక్షలన్నది నేను గాల్లోంచి తీసిన అంకె కాదు. అలాంటి పెళ్లి ఒకటి నిజంగానే జరిగింది, అదీ మా వాడి శాఖ మనిషి చేసిందే. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆలివర్ లౌరీ అని మెదడు రసాయనాల మీద పనిచేసిన శాస్త్రజ్ఞుడు. 1951లో ఆయన, మరో ముగ్గురు కలిసి రాసిన పేపరుకి 2014లో ‘నేచర్’ పత్రిక లెక్క తీస్తే 3,05,000 పైచిలుకు సైటేషన్లు తేలాయి. ప్రపంచ రికార్డు. ఇంతకీ అందులో ఏముంది? జ్ఞాపకం ఎక్కడుంటుందో కనిపెట్టారా? పిచ్చికి మందు? అబ్బే. పరీక్షనాళికలో ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. క్షారంలో కాస్త రాగి, ఆపైన ఫోలిన్ రీఏజెంటు అనే రసాయనం. నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ప్రోటీన్ అంత ఎక్కువ. వంటింటి భాషలో కొలతగిన్నె. ఏ ల్యాబులో ఏ వంట చేసినా ముందు ఆ గిన్నె కావాలి, వాడినవాళ్లు మర్యాదకి పేరు రాస్తారు. అదేమంత గొప్ప పేపరు కాదని తనకి తెలుసని లౌరీయే ఒప్పుకున్నాడు, కానీ ఆ స్పందన చూస్తే లోలోపల సరదాగా ఉంటుందని కూడా అన్నాడు. ఇంత నిజాయతీ ఈ రంగంలో నిలవదు.

అదే లౌరీ ఇంకో పని కూడా చేశాడు. జుట్టుకన్నా ఎంతో సన్నని క్వార్ట్జ్ పోగు ఒకటి తీసుకుని, ఒక కొస బిగించి, రెండో కొసన ఎండబెట్టిన ఒకే ఒక్క నరకణాన్ని పెట్టి, ఆ పోగు ఎంత వంగిందో మైక్రోస్కోపులో చూసి బరువు కట్టేవాడు. చేపకి గాలం కర్ర వంగినట్టు వంగుతుందని దానికి గాలంకర్ర త్రాసనే పేరు పడింది. ఒక్క న్యూరాను బరువు! నాలాంటివాడు అది వింటే రాత్రి నిద్రపట్టదు. కానీ గాలంకర్రకి చదివింపులు మూడు లక్షలు రావు, కొలతగిన్నెకి వస్తాయి. 2014 జాబితాలో మొదటి మూడు స్థానాలూ ప్రోటీన్లని కొలిచే, విడదీసే పద్ధతులవే. 1953 నాటి డీఎన్ఏ జంటమెలిక పేపరు మొదటి వందలోనే లేదు. వాట్సన్, క్రిక్ కొలతగిన్నె చేయకుండా జీవరహస్యం మీద కూర్చోవడం వాళ్ల స్వయంకృతాపరాధం.

ఆ రీఏజెంటు పేరులో ఉన్న ఆటో ఫోలిన్ హార్వర్డ్‌లో జీవరసాయన విభాగానికి అధిపతి. ఆ విభాగంలోనే మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేశారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి అచ్చువేశారు. అదీ కొలతగిన్నే, అదీ తరతరాలు చదివింపులు అందుకున్నదే. ఆ గిన్నెతోనే కణాలకి ఇంధనమైన ఏటీపీ దాకా వెళ్లారు. ఈ వాక్యం చదవడానికి మీ మెదడు ఇప్పుడు ఖర్చు పెడుతున్నది దాన్నే. ఇంతా చేస్తే హార్వర్డ్‌లో పద్ధతి పర్మనెంటయింది, మనిషి పర్మనెంటు కాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అప్పటికి హెచ్ ఇండెక్స్ లేదు కనుక తప్పెవరిదో చెప్పలేం.

లౌరీ ఉన్న విశ్వవిద్యాలయానికే 1947లో ఇటలీ నుంచి రీటా లెవీ-మోంటాల్చీని వచ్చింది. ముస్సోలినీ జాతి చట్టాలు తనలాంటి యూదులని విశ్వవిద్యాలయాల నుంచి తరిమేస్తే, టురిన్‌లో పడగ్గదినే ల్యాబు చేసి, కుట్టుసూదులు సానబెట్టి, కోడిగుడ్లలోని పిండాల్లో నరాలు ఎలా పెరుగుతాయో చూసింది. పని అయ్యాక మిగిలిన గుడ్డు వంటకి పోయేది. 1986లో నోబెల్ వచ్చింది. పడగ్గదికి కాలేజీలకిచ్చే న్యాక్ గ్రేడు లేదని, ఆమ్లెట్టుకి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదని మన సెలక్షన్ కమిటీ గుర్తు చేసేదే, పాపం అప్పుడు ఎవరూ అడగలేదు.

ఇక పెళ్లి రద్దయితే చదివింపులేమవుతాయి? దీనికీ మా వాడి శాఖలోనే దృష్టాంతం ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి 2006లో ‘నేచర్’లో ఒక అల్జీమర్స్ పేపరు వచ్చింది. ఫలానా ప్రోటీన్ ముద్దని ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే మతిమరుపు వస్తుందని చెప్పింది. పెద్ద మండపం. దాదాపు 2,500 చదివింపులు. బొమ్మల్లో చేతివాటం ఉందని 2022లో గొడవ బయటపడింది, 2024లో పేపరు వెనక్కి తీసుకున్నారు. పద్దెనిమిదేళ్ల తర్వాత! చదివించిన 2,500 మందిలో ఒక్కరూ స్టీలు బిందె వెనక్కి అడగలేదు. అడగరు కూడా. అడిగితే, ‘పెళ్లికి వచ్చావు కదా, పిల్లాణ్ణి చూడలేదా?’ అంటారు.

ఏటా సైటేషన్ల లెక్కతో ప్రపంచంలో పైవరస రెండు శాతం శాస్త్రవేత్తలని ఏరే స్టాన్‌ఫర్డ్ జాబితా వచ్చే రోజున మన జిల్లా ఎడిషన్లలో ‘ప్రపంచ శాస్త్రవేత్తల సరసన మన ప్రొఫెసర్’ అని ఫొటోలు పడతాయి. కాలేజీ గేటుకి ఫ్లెక్సీ కడతారు. సంతోషమే. 2024లో ఇద్దరు పరిశోధకులు లారీ అనే ఇంటిపిల్లి పేరు మీద 12 ఉత్తుత్తి పేపర్లు పెట్టి, వాటిని ఉటంకించే మరికొన్ని ఉత్తుత్తి పేపర్లు పెట్టారు. గూగుల్ స్కాలర్ శ్రద్ధగా కూడి 132 సైటేషన్లు, హెచ్ ఇండెక్స్ 11 వేసింది. మా వాడు పిల్లికన్నా మూడు పాయింట్లు ముందున్నాడు. ఈ మాట మా అక్కకి చెప్తే ఎందుకో రెండు రోజులు మాట్లాడలేదు.

మొన్న వీడియో కాల్‌లో వాడు దిగులుగా ఉన్నాడు. అచ్చుకి ముందు పేపరు చదివి తీర్పు చెప్పే, పేరు చెప్పని రివ్యూయరొకాయన పేపరు బాగుందంటూనే ఒక ఆరు పేపర్లు ఉటంకిస్తే ఇంకా బాగుంటుందన్నాడట. ఆరూ ఒకే ల్యాబువట. “గుడివాడ పెద్దమ్మ” అంది అమ్మ వెనక నుంచి. వాడు ఆరూ చేర్చేశాడు.

కాసేపు ఆగి, ఇంకో సంగతి చెప్పాడు. వాడి మొదటి పేపరు, ఇప్పటిదాకా మూడే సైటేషన్లు, రెండు వాడివే. దాని గురించి ఎవరో పీహెచ్‌డీ చేసే అమ్మాయి ఈమెయిల్ రాసిందట. నాలుగో బొమ్మ కింద యాంటీబాడీని ఎంత పల్చన చేశారో 1:500 అని ఉంది, పద్ధతుల భాగంలో 1:5000 అని ఉంది, ఏది సరైనది అని. తొమ్మిదేళ్లలో ఆ తప్పు వాడికీ కనపడలేదు, వాడి గైడుకీ కనపడలేదు, రివ్యూయర్లకీ కనపడలేదు. వాడు పాత ల్యాబ్ నోటుపుస్తకాలు వెతికించి మరీ జవాబు రాశాడట. చెబుతుంటే సంక్రాంతి గాలిపటం ఎగిరినప్పటి మొహం పెట్టాడు.

“అయితే నాలుగో చదివింపు వచ్చినట్టేగా?” అన్నాను.

“లేదు మావయ్యా, చదివించలేదు. చదివింది.”