ట్యాంకులో నూనె తీస్తారట, మరి అందులో చక్కెర ఎవరు పోస్తారు?

ఇప్పుడే మా ఫ్యామిలీ గ్రూపును మ్యూట్‌లో పెట్టి వచ్చి ఇది రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి, కోపంలో టైపు చేస్తున్నా.

మామయ్య ఒక వీడియో పంపాడు. మొక్కల కణాలను స్టీలు ట్యాంకుల్లో పెంచి, వాటి నుంచి నూనె తీసి, దాన్ని డీజిల్‌గా మార్చేస్తారట. భూమి అక్కర్లేదు, వాన అక్కర్లేదు, రైతు అసలే అక్కర్లేదు. కింద వరసగా జెండాలు, నిప్పు బొమ్మలు, దండాలు. అక్కడితో ఆగినా ఊరుకునేదాన్ని. "నువ్వు బయోటెక్కే కదమ్మా, అందరికీ అర్థమయ్యేలా చెప్పు" అని నన్ను ట్యాగ్ చేశాడు. చెప్పాను. దానికి వచ్చిన జవాబు: "అన్నిటికీ నెగెటివ్‌గా ఆలోచిస్తే ఎలా తల్లీ!"

సరే, పాజిటివ్‌గానే మొదలుపెడతా. మొక్క కణాలను ట్యాంకుల్లో పెంచడం అబద్ధం కాదు. క్యాన్సర్‌కు వాడే ప్యాక్లిటాక్సెల్ అనే మందును అలాగే తీస్తున్నారు, 75 వేల లీటర్ల ట్యాంకులు కూడా ఉన్నాయి. గోషే అనే అరుదైన వంశపారంపర్య జబ్బుకు క్యారెట్ కణాల్లో తయారైన మందుకు 2012లో అమెరికా అనుమతి ఇచ్చింది. కానీ అవి మిల్లీగ్రాముల లెక్కన వాడే మందులు. ఎంత ఖర్చయినా గిట్టుబాటు అవుతుంది. బంకులో లీటర్ల లెక్కన పోసే డీజిల్‌కూ వాటికీ పోలిక ఏమిటి మామయ్యా?

ఈ వీడియో నమ్మేవాళ్లు, వేరుశనగ గింజలో దాదాపు సగం నూనె ఉంటుంది కాబట్టి వేరుశనగ కణం ఏదైనా నూనె ఇచ్చేస్తుందనుకుంటున్నారు. గింజ కట్టేటప్పుడు పనిచేసే జన్యువులు ఫ్లాస్కులో పెరిగే కణాల ముద్దలో మామూలుగా నిద్రపోతుంటాయి. వాటిని బలవంతంగా లేపాలి. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్లు 2014లో పొగాకు ఆకు పొడి బరువులో 15 శాతానికి పైగా నూనె చేరేలా చేశారు. గొప్ప పని, కాదనను. కానీ ఆ ఆకు పెరిగింది ఎండలో, ఆకుపచ్చగా.

ట్యాంకులో కణాలకు ఎండ ఎక్కడిది? అవి బతికేది చక్కెర మీద. 1962 నుంచి మొక్క కణాలను పెంచడానికి ప్రపంచమంతా వాడుతున్న ఎంఎస్ మీడియం అనే పోషక ద్రావణంలో మామూలుగా లీటరుకు 30 గ్రాముల చక్కెర కలుపుతాం. చక్కెర నూనెగా మారేటప్పుడు, ఎంత తెలివైన కణమైనా, బరువులో మూడో వంతుకు మించి రాదు. అది కాగితం మీది లెక్క, ల్యాబులో అంత కూడా రాదు. అంటే లీటరు నూనెకు దాదాపు మూడు కిలోల చక్కెర. కిరాణా కొట్టు ధర వేసుకోండి, ట్యాంకు దగ్గరికి వెళ్లకముందే డీజిల్ ధర దాటిపోతుంది. ఆ చక్కెర చెరుకు తోటలోంచి రావాలి, ఆ తోటకు నీళ్లు కావాలి. "భూమి అక్కర్లేదు" అన్నవాళ్లు ఈ ముక్క వీడియోలో ఎందుకు పెట్టరో!

కరెంటు సంగతి ఎత్తానా? ఈస్టు గంటల్లో రెట్టింపు అవుతుంది, మొక్క కణానికి ఒక రోజో, అంతకు మించో పడుతుంది. అన్ని రోజులూ గాలి ఊదాలి, కలుపుతూ ఉండాలి, ఒక్క బ్యాక్టీరియా కూడా దూరకూడదు. దూరితే ట్యాంకు మొత్తం కాలవపాలు. మొక్క ముక్కలను సీసాల్లో పెంచే మా టిష్యూ కల్చర్ ల్యాబులో రాత్రి ఏసీ ఆగితే పొద్దున్నే సీసాల్లో బూజు తోటలు చూసే మనిషిని నేను. నాకు చెబుతున్నాడు, పాజిటివ్‌గా ఉండమని!

అసలు ఈ మామయ్యే కదా మా నాన్నకు జట్రోఫా అంటగట్టింది, అదే, గింజల నూనెతో డీజిల్ చేయొచ్చన్న ఆ మొక్క.

కొత్త పిల్లలకు తెలియదేమో. 2003లో ప్లానింగ్ కమిషన్ కమిటీ చెప్పింది, కోటి హెక్టార్లకు పైగా జట్రోఫా వేస్తే 2011-12కల్లా దాని నూనెతో చేసిన ఇంధనాన్ని డీజిల్‌లో 20 శాతం కలపొచ్చని. అప్పటి రాష్ట్రపతి కలాం గారూ దాన్ని మెచ్చుకుంటూ మాట్లాడారు. ఇంకేం, ఊరూరా ఏజెంట్లు దిగారు. నీళ్లక్కర్లేదు, మేకలు ముట్టవు, గింజలు మేమే కొంటాం. అనంతపురం ఎర్రనేలలో నాన్న వేరుశనగ మానేసి అది వేశాడు. నీళ్లు లేకపోతే జట్రోఫా చావదు, నిజమే. కాయదు కూడా! ఆ కొంటామన్నవాళ్లు మళ్లీ కనబడలేదు. చివరికి డబ్బులిచ్చి జేసీబీతో పీకించాం.

అటు పైన లక్ష్యం ఏమైందో చూడండి. 2009 పాలసీలో 20 శాతం 2017కల్లా అన్నారు. 2018 పాలసీలో 5 శాతం చాలు, అదీ 2030కల్లా అన్నారు. ఆ ఏడాదే డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక విమానం పావు వంతు జట్రోఫా ఇంధనం కలుపుకుని ఎగిరింది. ఆ వార్త కూడా మామయ్యే గ్రూపులో పెట్టాడు, "చూశారా, నేను అప్పుడే చెప్పా" అని. నాన్న ఆ మెసేజ్ చదివి ఫోను పక్కన పెట్టి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు.

పోనీ పవర్‌గూడ అనే ఊరి గురించి ఎవరైనా వీడియో చేశారా? అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో ఆడవాళ్ల సంఘం కానుగ గింజలు ఏరి, మిల్లులో ఆడించి నూనె తీసింది. పెట్రో ఇంధనం బదులు ఆ నూనె వాడితే తగ్గే కాలుష్యానికి 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు కట్టింది. చిన్న పనే. మెరిసే ట్యాంకులు లేవుగా, ఎవరికి కావాలి!

నా బయోటెక్ కూడా ఆయన సలహానే. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదని ఏడుస్తుంటే, "మెడిసిన్ పాతబడింది, రాబోయేదంతా బయోటెక్నాలజీ, హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో పిలిచి ఉద్యోగాలిస్తారు" అన్నాడు. అప్పట్లో ప్రతి సందులో బయోటెక్ డిగ్రీ కాలేజీ. నా క్లాసులో సగం మంది అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు కోడ్ నంబర్లు వేసే పని) నేర్చుకుని అటు వెళ్లిపోయారు. నేను అరటి పిలకలు కోసి సీసాల్లో పెడుతూ ఇక్కడే ఉన్నా. జీతం ఎంతో చెప్పను, కామెంట్లలో అడగొద్దు.

అక్క కూతురికి ఈ ఏడాది ఇంటర్ అయింది. ఆ వీడియో కిందే దానికి సలహా ఇచ్చాడు, సింథటిక్ బయాలజీ (కణాల జన్యువులను మార్చి మనకు కావలసిన పని చేయించే చదువు) తీసుకోమ్మా, మంచి ఫ్యూచర్ అని. తన మనవడికి మాత్రం పోయిన నెలలోనే డొనేషన్ కట్టి కంప్యూటర్ సైన్సులో సీటు కొన్నాడు.