ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇంకా 39 సిట్టింగులు ఎందుకు?

మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథిని దాటి పాకని క్యాన్సర్‌కు రేడియేషన్, మన జనం మాటలో కరెంటు, పెట్టాలంటే చాలా ఏళ్లు ఒకటే లెక్క: రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం), వారానికి ఐదు రోజులు, మొత్తం 37 నుంచి 39 సిట్టింగులు. దాదాపు ఎనిమిది వారాలు. చాలామంది రోగులకు ఇప్పుడు ఆ అవసరం లేదు. ఆ మాట వాళ్లకు మొదటి రోజే చెప్పాలి.

రోజుకింత అని చిన్న మోతాదులివ్వడం వెనకున్న సూత్రం తెలిసిందే. సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య ఆరోగ్యంగా ఉన్న కణజాలం తేరుకుంటుంది, క్యాన్సర్ అంతగా తేరుకోదు. నెమ్మదిగా పెరిగే ప్రొస్టేట్ క్యాన్సర్ దగ్గర ఇది తారుమారవుతుంది. 2 గ్రే దెబ్బను ఆ కణాలు బాగానే మాన్పుకుంటాయి, పెద్ద దెబ్బకు లొంగుతాయి. ఈ స్వభావానికి కొలత ఆల్ఫా-బీటా నిష్పత్తి. అది ఎంత తక్కువైతే పెద్ద మోతాదుకు అంత ఎక్కువ లొంగుతాయని అర్థం. చాలా క్యాన్సర్లకు అది 10 దరిదాపుల్లో ఉంటుంది. పక్కనే ఉన్న పురీషనాళానికి (మలాశయానికి) 3గా తీసుకుంటారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు 1.5 మాత్రమే అని 1999లో రేడియేషన్ పరిశోధకులు బ్రెన్నర్, హాల్ అంచనా కట్టారు. ఆ లెక్కన 39 సిట్టింగుల్లో 78 గ్రే ఇచ్చినా, 20 సిట్టింగుల్లో 60 గ్రే ఇచ్చినా క్యాన్సర్ కణాల మీద పడే అసలు ప్రభావాన్ని అంకెల్లో కడితే 180 దగ్గరే ఉంటుంది. పురీషనాళం మీద మాత్రం 130 నుంచి 120కి దిగుతుంది.

కాగితం మీది లెక్క రోగుల్లోనూ నిలబడింది. బ్రిటన్‌లో 3,216 మంది రోగులతో జరిగిన చిప్ అనే ట్రయల్ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఐదేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టనివారు 74 గ్రే, 37 సిట్టింగుల వర్గంలో 88.3 శాతం, 60 గ్రే, 20 సిట్టింగుల వర్గంలో 90.6 శాతం. మూడో వర్గానికి ఒక్క సిట్టింగు తగ్గించి 57 గ్రే ఇస్తే 85.9 శాతమే వచ్చింది, పాత పద్ధతికి తీసిపోదని రుజువు కాలేదు. సిట్టింగులు తగ్గేకొద్దీ ఒక్కోదాని విలువ పెరుగుతుంది. ఇంట్లో పెళ్లి ఉందనో పండగనో ఒకటి ఎగ్గొడితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి.

సూత్రం ఒక్కదాన్నే నమ్ముకోకూడదని నెదర్లాండ్స్ హైప్రో ట్రయల్ చూపింది. 3.4 గ్రే చొప్పున 19 సిట్టింగులిస్తే క్యాన్సర్ ఇంకా బాగా అదుపులోకి వస్తుందని ఆశించారు. అది జరగలేదు, పైగా మూత్ర సంబంధమైన తీవ్ర ఇబ్బందులు పెరిగాయి.

ఇప్పుడు లెక్క 5 సిట్టింగులకు వచ్చింది. 2024లో వచ్చిన పేస్-బి అనే ట్రయల్ ఫలితాల్లో 36.25 గ్రేను 5 సార్లలో ఇస్తే ఐదేళ్లకు 95.8 శాతం మందిలో క్యాన్సర్ తిరగబెట్టలేదు. ఎక్కువ సిట్టింగుల వర్గంలో అది 94.6 శాతం. అయితే ఐదేళ్లలో మందులు వాడాల్సినంత మూత్ర ఇబ్బందులు 5 సిట్టింగుల వారిలో 26.9 శాతం మందికి, మిగతావారిలో 18.3 శాతం మందికి వచ్చాయి. ఇది చిన్న తేడా కాదు. ముందే మూత్రం సరిగా రాక బాధపడుతున్న వ్యక్తికి 20 సిట్టింగులే మేలని నా అభిప్రాయం. పేస్-బిలో ఉన్నది క్యాన్సర్ పాకే ముప్పు తక్కువగానో మధ్యస్థంగానో ఉన్నవారే. ముప్పు ఎక్కువున్నవారికి ఆ అంకెలను అలాగే అంటగట్టకూడదు. ముంబయి టాటా మెమోరియల్‌లో అలాంటివారి మీదే చేసిన పాప్-ఆర్టీ ట్రయల్‌లో 25 సిట్టింగులిచ్చారు, కటి ప్రాంతంలోని లింఫు గ్రంథులకూ రేడియేషన్ ఇస్తే ఫలితం మెరుగైంది.

ఒక్క సిట్టింగు అంటే ఏమిటో దగ్గర్నుంచి చూడాలి. మలాశయం ఖాళీ చేసుకుని, నీళ్లు తాగి, మూత్రాశయం నిండేదాకా బయట బెంచీ మీద ఆపుకుని కూర్చోవాలి. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకు నెడుతుంది. బీమ్, అంటే రేడియేషన్ కిరణం, పడేది కొన్ని నిమిషాలే. మూత్రం ఆపుకోవడమే కష్టమైన డెబ్బై ఏళ్ల మనిషి ఇదంతా 39 రోజులు చేయాలి. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లయితే ఎనిమిది వారాలు హైదరాబాద్‌లోనో విశాఖలోనో గది అద్దెకు తీసుకోవాలి, తోడుగా వచ్చిన కొడుకు కూలి పోగొట్టుకోవాలి.

సిట్టింగుకింత అని ఫీజు కట్టించుకునే చోట సిట్టింగులు తగ్గితే ఆదాయమూ తగ్గుతుంది. ప్రభుత్వ పథకాలైనా బీమా కంపెనీలైనా చికిత్స మొత్తానికి ఒకే ధర కడితే ఆ చిక్కు ఉండదు. ఈలోగా 39 రాసిచ్చిన డాక్టరును, నాకు 20 ఎందుకు కుదరదండీ అని అడిగే హక్కు రోగికుంది.