మాత్రకు మడి

కొర్లగుంటలో మా పై వాటాలో ఉండే కండక్టరు మామ తిరుమల ఘాట్ రోడ్డు బస్సుల్లో చేసి రిటైరయ్యాడు. గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. అందుకే ఈ గొడవ కోసం నేను చెవి పెట్టాల్సిన పని పడలేదు, టిఫిన్ వేళకు వీధంతా విన్నది. ఒక మాట ముందే చెప్పేస్తున్నా, నాది అత్త పార్టీ.

మామ: నా తట్ట యాడ పెట్టినావు?

అత్త: నువ్వే కదా కిటికీలో విడిగా పెట్టుకున్నావు. తట్ట, గ్లాసు, తువ్వాలు, ఆఖరికి సబ్బు కూడా. ఏం మొక్కుకున్నావో నాకు చెప్పనే లేదు.

మామ: మొక్కా?

అత్త: గోవింద మాల వేసుకుంటావేమో అనుకున్నా. పంచె కూడా ఉతికి ఆరేసినా.

మామ: మాలా లేదు, గీలా లేదు. నా జబ్బు నీకు అంటుకోకుండా పక్కన పెట్టుకున్నా.

అత్త: నీది అంటుకునే జబ్బని ఎవరు చెప్పినారు?

మామ: నోటితో చెప్పాల్నా? రోజూ నీలం గ్లౌజులు తొడుక్కొని వస్తావు. మాత్రను చిన్న మూతలో వేస్తావు. ఆ మూత నా ముందర పెట్టి రెండడుగులు వెనక్కి పోతావు. నేనేమన్నా కరుస్తానా?

అత్త: దోసె మాడుతా ఉంటే వెనక్కి పోకుండా నీ ముందర నిలబడి హారతి ఇయ్యాల్నా? గ్లౌజులు నీకు కాదయ్యా, మాత్రకు.

మామ: మాత్రకా! నువ్వు వేలితో తాకకూడని మాత్రను నేను మింగొచ్చునా? ఇది యాడి న్యాయం? పైన తగిలితేనే ప్రమాదమైతే లోపలికి పోతే ఏమవుతుంది? నాకు ఏం పెడతా ఉండావే?

(కరెంటు బిల్లు వంక పెట్టుకుని నేను మెట్లెక్కింది ఇక్కడే. ఇంత మంచి ప్రశ్నకు జవాబు కింద నిలబడి వినడం నాకు ఇష్టం లేకపోయింది.)

అత్త: నీకు అవసరం కాబట్టి మింగుతావు. నాకు అవసరం లేదు కాబట్టి ముట్టుకోను. డాక్టరు బొమ్మ వేసి చూపించలేదా? నీ ఎముకల్లో మూలుగ ఆపకుండా ఎర్ర కణాలు తయారు చేస్తా ఉంది. నీకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, బ్రహ్మోత్సవాలప్పుడు నీ బస్సు మాదిరి ఉంది నీ రక్తం. ఈ మాత్ర పోయి ఎక్కేవాళ్ళను తగ్గిస్తుంది. నా బస్సులో సీట్లకు సరిపడానే ఉన్నారు, నేనెందుకు దించుకోవాల?

మామ: పాలీసైథీమియా అన్నాడు. క్యాన్సర్ జాతి అని కూడా అన్నాడు. నేను విన్నా.

అత్త: విన్నావు. అంటుకోదు అన్నది వినలేదు. నీ గురకే ఇన్నేళ్ళుగా నాకు అంటుకోలేదు, రక్తం జబ్బు అంటుకుంటుందా?

మామ: మరి కోడల్ని నా గదిలోకి రావద్దని ఎందుకు అరిచినావు?

అత్త: గదిలోకి కాదు, మాత్రల డబ్బా సర్దొద్దని అరిచినా. ఆమెకు ఐదో నెల. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ మాత్ర జోలికే పోకూడదు, లోపల బిడ్డకు మంచిది కాదు. నీ మీద కోపంతో కాదు, నీ మనవడి మీద ప్రేమతో అరిచినా.

మామ: మనవడే అని నీకెట్లా తెలుసు?

అత్త: మాట మార్చొద్దు.

మామ: సరే. నేను బాత్రూంలో నుంచి వచ్చినాక మూత వేసి రెండుసార్లు నీళ్ళు వదులుతావే, అది?

అత్త: మందు కొంత ఒంటేలుతో బయటికి వస్తుందంట, అందుకు. అయినా పెళ్ళయినప్పటి నుంచీ నీ తర్వాత పోయినవాళ్ళందరూ రెండుసార్లు పోస్తానే ఉన్నారు. అప్పుడు ఏ మాత్రా లేదు.

ఎవరైనా ఇక్కడితో ఊరుకుంటారు. మామ ముప్పై తొమ్మిది మంది పట్టే బస్సులో అరవై మందికి టికెట్లు కొట్టిన మనిషి, అంత తొందరగా దిగడు.

మామ: కొత్త మందులు కనిపెట్టి మన మీద ప్రయోగాలు చేస్తున్నారు. నేను కొంగొత్త మందు మింగను.

అత్త: కొత్తదా? 1869లో జర్మనీలో తయారు చేసినారంట. మహిళా యూనివర్సిటీలో ఫార్మసీ చదివే మనవరాలు చెప్పింది. మీ తాత కంటే పాతది. హైడ్రాక్సీయూరియా.

మామ: యూరియా! చూడు నాయనా (ఇది నాతో), వేరుశనగ చేనుకు చల్లేది నాకు పెడుతుంది!

అత్త: అది చల్లితే పెరుగుతుంది, ఇది మింగితే తగ్గుతుంది. నువ్వు చేలో ఎన్నాళ్ళు పనిచేసినావని?

అప్పుడు మామ ఒక పని చేశాడు. మూతలోని క్యాప్సూల్ తీసి రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య పట్టుకుని టోపీ తిప్పడం మొదలుపెట్టాడు. ఆ గోళ్ళ మీద గోధుమరంగు చారలు నిలువుగా దిగి ఉన్నాయి. టోపీ కొంచెం కదిలింది కూడా. చేతిలో అట్లకాడ ఉన్న మనిషి అంత వేగంగా వంటింట్లో నుంచి రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

అత్త: విప్పినావంటే ఇవాళ మజ్జిగ కూడా పుట్టదు!

మామ: మజ్జిగలో కలుపుకుందామనే విప్పుతున్నా. గొంతులో అడ్డం పడుతుంది.

అత్త: విప్పకూడదు, నమలకూడదు, నూరకూడదు. ఆ పొడి లేస్తే ఇంటిల్లిపాదీ పీలుస్తారు. కింద పడితే చీపురు కూడా పెట్టకూడదు. గ్లౌజులు తొడుక్కొని, తడి కాగితంతో తుడిచి, కవర్లో వేసి మూతి కట్టాల. ఎవరు తుడుస్తారు? నువ్వా? సంగటి ముద్దను నమలకుండా మింగే గొంతుకు ఇంత మాత్ర అడ్డమంట! గ్లాసుడు నీళ్ళు తాగి మింగు. ముందు ఆ చేతులు కడుక్కో.

(కడుక్కున్నాడు. మింగాడు కూడా. అడ్డం పడలేదు. పడనందుకు కొంచెం నిరాశగా కనిపించాడు.)

మామ: నిన్న మరిచిపోయినాను కదా, దానికి బదులు ఇంకోటి...

అత్త: ఇవాళ్టికి ఒకటే. నిన్నటిది పోయింది. రెండు కలిపి వేసుకుంటే తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే కదా క్యాలెండర్ మీద గీత కొట్టమన్నది. నువ్వు గీత కొట్టి మాత్ర మరిచిపోతావు.

మామ: ఒక్కసారి.

అత్త: జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయండి, ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోవద్దని డాక్టరు చెప్తా ఉంటే నువ్వేం అడిగినావు? గోళ్ళ నలుపు పోవడానికి సున్నిపిండి రాయొచ్చా అని! నోట్లో పుండ్లు పడినా, కాలి మీద పుండు మానకపోయినా చెప్పమన్నాడు. నువ్వు అడిగింది కాలు గురించా? దర్శనానికి క్యూలో నిలబడొచ్చా అని.

మామ: నిలబడొచ్చు అన్నాడు కదా.

అత్త: ఎండలో టోపీ పెట్టుకుని అన్నాడు. నువ్వు సగం టికెట్టే వింటావు.

మామ కాసేపు దోసె తిన్నాడు. విడిగా పెట్టుకున్న తట్టలో కాదు, అత్త తట్టలోనే. తరువాత గొంతు తగ్గించాడు. తగ్గిందంటే పక్కింటి వరకే వినబడింది.

మామ: చిత్తూరులో చెల్లెలికి ఒక మాట చెప్పాల.

అత్త: ఏం మాట?

మామ: రాత్రి ఫోన్ చేసినా. మీ వదిన నన్ను గ్లౌజులు లేకుండా ముట్టుకోవడం లేదని చెప్పినా.

అత్త: ఓరి దేవుడా. ఆమె ఏమంది?

మామ: ఏడ్చింది. మొదటి బస్సుకే బయలుదేరింది. నాకు వేరే తట్ట, గ్లాసు, చాప తెస్తా ఉంది. పోయేటప్పుడు నన్ను కూడా చిత్తూరికి తీసుకుపోతుందంట.

అత్త: తీసుకుపోనీ. నెల పరీక్షకు నువ్వు సూదిని చూసి గోవిందా గోవిందా అని అరుస్తావని చెప్పు. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాల పాలు, నూటికి 45 లోపల ఉండాలని చెప్పు. అన్నం తిన్నాకే ఆస్పిరిన్ వేసుకోవాలని చెప్పు. వేడినీళ్ళు పోసుకుంటే దురదని గోడకు వీపు రుద్దుకుంటావని, ఆ సున్నం మరకలు నేనే తుడుస్తున్నానని చెప్పు. ఎవరో వచ్చి టీకా వేస్తామంటే డాక్టరును అడగకుండా చెయ్యి చాపొద్దని చెప్పు. ఎక్కువైందని ఆస్పత్రిలో సంచెడు రక్తం తీసి పారబోస్తే వీధిలో రక్తదానం చేసినానని చెప్పుకున్నావు, అది కూడా చెప్పు.

మామ: ఇన్ని నాకు గుర్తుండవు. రాసి ఇయ్యి.

అత్త: రాసే ఉంది. నీ పర్సులో, పాస్ వెనకాల. ఎప్పుడన్నా తెరిస్తే కదా.

ఇంతలో ఆమె గ్లౌజులు లోపలి వైపు బయటికి వచ్చేట్టు విప్పి, కవర్లో వేసి ముడి వేసింది. చేతులు సబ్బుతో కడిగింది. ఆ తడి చేత్తోనే ఆయన నుదురు పట్టి చూసి, జ్వరం లేదనుకుని, చెయ్యి ఆయన బనీనుకే తుడుచుకుంది.

మామ: ఇప్పుడు ముట్టుకున్నావే!

అత్త: ముట్టుకుంటే ఏం కాదు నీతో. మాట్లాడితేనే.

ఫోన్ మోగింది. ఆడబిడ్డ. పాకాల దాటిందట.

మామ: ఆ, పాపా... ఏం లేదు, చాప వద్దులే. గ్లౌజులు నాకు కాదంట, మాత్రకంట. అవును, మాత్రకు. నువ్వు కూడా దాన్ని ముట్టుకోవద్దు... ఆ? ఏమో, ఉండు, అడుగుతా. (అత్త వైపు తిరిగి) ఏమే, ముట్టుకోకూడని మాత్రను అన్న ఎట్లా మింగుతున్నాడు వదినా అని అడుగుతా ఉంది.

అత్త: ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళే, నాకున్న కాస్త అనుమానం కూడా తీరింది. బస్టాండు దగ్గర మందుల షాపులో గ్లౌజుల డబ్బా ఒకటి పట్టుకుని రమ్మను. పెద్ద సైజు. ఇవి నాకు బిగుతుగా ఉన్నాయి.