‘మా వంశంలోనే పళ్ళు గట్టివి కావు’ అని ఊరుకుంటే ఎలా?

పెదవాల్తేరులో ఉండే మా పెద్దమ్మకు 45 ఏళ్ళకే ముందు పళ్ళు కదిలాయి. బ్రష్ చేసి ఉమ్మితే వాష్ బేసిన్‌లో నీళ్ళు ఎర్రగా కనిపించేవి. ‘మా అమ్మకీ ఇంతే, మా వంశంలోనే పళ్ళు గట్టివి కావు’ అని సరిపెట్టుకునేది.

ఆ మాటలో సగం నిజముంది. ఆ సగాన్ని మనం వాడుకోవడం లేదన్నదే నా బాధ.

శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కార్మికుల నోళ్ళను 1970 నుంచి 15 ఏళ్ళపాటు పరిశీలించారు. వాళ్ళకు పళ్ళు తోముకునే అలవాటు లేదు, పళ్ళ డాక్టరూ లేడు. అందరికీ పాచి, గార పట్టే ఉన్నాయి. అయినా చిగుళ్ళ జబ్బు వేగంగా ముదిరింది 8 శాతం మందికే. 81 శాతం మందికి ఓ మోస్తరుగా పెరిగింది. మిగిలిన 11 శాతం మందికి చిగుళ్ళు వాచాయి తప్ప అంతకు మించి ఏమీ కాలేదు.

ఒకే పాచికి ఇంత తేడా ఎందుకు? పాచిలోని బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి మన రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి రసాయనాలను వదులుతాయి. వాపు వస్తుంది. అది తగ్గకుండా ఏళ్ళ తరబడి సాగితే, పన్నును పట్టి ఉంచే ఎముకను కరిగించే కణాలు చెలరేగుతాయి. పళ్ళు కదిలేది అప్పుడే. అంటే ఎముకను కరిగిస్తున్నది మన ఒంట్లోని కణాలే.

ఈ వాపు ఎంత ఉధృతంగా రావాలన్న దాంట్లో జన్యువుల పాత్ర ఉంది. ఇంటర్‌ల్యూకిన్-1 జన్యువుల్లో ఒక రకం తేడా ఉన్నవాళ్ళకు జబ్బు తీవ్రంగా వస్తోందని 1997లో కార్న్‌మన్ అనే పరిశోధకుడి బృందం చెప్పింది. 2000లో 117 కవల జంటలను పరిశీలిస్తే, ఈ జబ్బులో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు సగం వారసత్వం వల్లేనని తేలింది. అలాగని జన్యు పరీక్షకు డబ్బులు పోయమని నేను చెప్పను. ఇందులో చాలా జన్యువులకు తలా కొంచెం వాటా ఉంది, ఒక్కదాన్ని చూసి జాతకం చెప్పలేం.

కార్న్‌మన్ బృందానికి ఆ సంబంధం కనిపించింది పొగ తాగని వాళ్ళలోనే. తాగేవాళ్ళలో పొగ చేసే చేటు ముందు జన్యువుల తేడా కనపడలేదు. ఉత్తరాంధ్ర వాళ్ళం దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ మన మత్స్యకార మహిళల్లో తరాలుగా ఉంది. అంగిలి క్యాన్సర్‌కు అది కారణమని అందరూ చెబుతారు, చిగుళ్ళ ఊసే ఎత్తరు. అదుపులో లేని షుగర్ కూడా ఇంతే చేటు చేస్తుంది.

మేనరికాల సంగతీ చెప్పాలి. పాపియాన్ లెఫెవ్ర్ అనే అరుదైన జబ్బులో పాలపళ్ళు ఊడాల్సిన వయసు రాకముందే ఊడిపోతాయి, అరిచేతులు మందంగా మొరటుబారతాయి. కాథెప్సిన్-సి జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపంతో వస్తేనే ఇది పుడుతుంది. దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం ఎక్కువ.

పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళితే బీపీ, షుగర్ అడుగుతారు. ‘మీ అమ్మానాన్నలకు పళ్ళు ఏ వయసులో కదిలాయి’ అని కూడా అడగాలి. పైసా ఖర్చు లేని ప్రశ్న అది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం కూడా పోవాలి. గార తీశాక కనిపించే సందులు అంతకుముందే ఎముక తరిగి ఏర్పడినవి.

పెద్దమ్మ కూతురికి 28 ఏళ్ళు. పోయిన నెల బలవంతంగా తీసుకెళ్ళాను. డాక్టర్ గీతలున్న సన్నటి పుల్లతో పన్నుకూ చిగురుకూ మధ్య సందు లోతు కొలిచారు. 3 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదట. తనకు రెండు చోట్ల 5 ఉంది. ఇంకా ఒక్క పన్నూ కదల్లేదు.